“నూటికి నూరు శాతం శుద్ధ సిలికాన్”: సోలార్ ప్యానెళ్ల ఫార్వర్డ్‌కు మాటకు మాట జవాబు

ఇంటి మీద సోలార్ పెట్టించుకునేవాళ్లకు జాగ్రత్తలు అంటూ విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది:

“అసలైన ప్యానెల్‌లో సిలికాన్ నూటికి నూరు శాతం శుద్ధంగా ఉంటుంది, మలినం ఉంటే డూప్లికేట్. నల్లగా ఉంటే శుద్ధం, నీలంగా ఉంటే కల్తీ. మిట్టమధ్యాహ్నం మల్టీమీటర్ పెడితే వెనక స్టిక్కర్ మీది వోల్టులు రావాలి, రాకపోతే వెనక్కి పంపండి. ఎండ మండేకొద్దీ కరెంటు పెరుగుతుంది. అద్దం పగలనంతవరకు ప్యానెల్‌కు ఢోకా లేదు. మొదటి నెలల్లోనే పవర్ తగ్గితే మోసపోయినట్టే. ఎన్-టైప్ కొంటే ఏ లోపమూ రాదు.”

ఇందులో ఒక్క మాట కూడా ఉన్నదున్నట్టు నిలవదు. వోల్టుల మాట అయితే జేబుకు చిల్లు పెట్టే రకం. దాన్ని నమ్మితే మంచి ప్యానెల్ వెనక్కి పోతుంది, దెబ్బతిన్నది మేడెక్కుతుంది.

“సిలికాన్ నూటికి నూరు శాతం శుద్ధం”

అంత శుద్ధంగా ఉంటే అది సోలార్ సెల్ కాదు. ఏ మలినమూ లేని సిలికాన్ నిరోధకత గది వేడి దగ్గర సుమారు 2.3 లక్షల ఓమ్-సెంటీమీటర్లు. కరెంటు పారడానికి అది దాదాపు అడ్డుగోడ. 50 లక్షల సిలికాన్ అణువులకు ఒక్క బోరాన్ అణువు కలిపితే ఆ అంకె ఒకటిన్నర ఓమ్-సెంటీమీటర్ల దగ్గరకు దిగుతుంది, అంటే లక్ష రెట్లకు పైగా తేడా. సెల్ తయారయ్యే పలుచని సిలికాన్ పలకనే వేఫర్ అంటారు. పీ-టైప్ వేఫర్‌లో బోరాన్‌నో గాలియాన్నో కావాలనే కలుపుతారు. పై పొరలో ఫాస్ఫరస్‌ను అంతకంటే వేల రెట్లు దట్టంగా ఎక్కిస్తారు. ఈ రెండు మలినాల సరిహద్దే జంక్షన్. అది లేకపోతే వెలుతురు పడినా వోల్టేజ్ పుట్టదు.

మరి ఫ్యాక్టరీలు తొమ్మిది తొమ్మిదుల శుద్ధత అని ఎందుకు చెబుతాయి? 99.9999999 శాతం అంటే 100 కోట్ల అణువుల్లో ఒక్కటి పరాయిది. పైన చెప్పిన బోరాన్ దానికి 200 రెట్లు. ముందు మొత్తం కడిగేసి, తరువాత కావలసిన మలినాన్ని కావలసినంత కొలిచి వేయడమే ఈ పని అంతా.

ఏ మలినం వచ్చి చేరిందన్నదే అసలు ప్రశ్న. సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌కు కింది అంతస్తు, పై అంతస్తు ఉన్నాయనుకోండి. మధ్య ఎత్తు 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. బోరాన్ వేసే మెట్టు కింది అంతస్తుకు 0.045 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తులోనే ఉంటుంది, గది వేడికే అది అందుతుంది. కాబట్టి హోల్స్‌ను (ఎలక్ట్రాన్ వదిలి వెళ్లిన ఖాళీలను) ఉదారంగా ఇస్తుంది, ఎవరి దారికీ అడ్డం రాదు. స్ఫటికంలో విడి అణువుగా దూరిన ఇనుము మెట్టు మాత్రం 0.38 దగ్గర, నడిమికి చేరువలో ఉంటుంది. పైనుంచి దిగే ఎలక్ట్రాన్, కిందనున్న హోల్ రెండూ అక్కడే కలిసి అంతరిస్తాయి. వెలుతురు నుంచి వచ్చిన శక్తి బయటి తీగలోకి పోకుండా వేడిగా మారిపోతుంది. నడిమి మెట్టు ఎందుకు ప్రమాదమో షాక్లీ, రీడ్, హాల్ అనే శాస్త్రవేత్తలు 1952లోనే లెక్క కట్టి చూపించారు.

దీనికి ఎంత ఇనుము కావాలో చూడండి. పీ-టైప్ వేఫర్‌లో 5,000 కోట్ల సిలికాన్ అణువులకు ఒక్క ఇనుప అణువు కరిగి ఉన్నా చాలు, ఎలక్ట్రాన్ ఆయుష్షు ఒకటి రెండు మైక్రోసెకన్లకు పడిపోతుంది. ఆ కాస్త సమయంలో అది 50 నుంచి 80 మైక్రాన్ల దూరమే పోగలదు. వేఫర్ మందం 130 నుంచి 180 మైక్రాన్లు. అడుగున పుట్టిన ఎలక్ట్రాన్లలో చాలా భాగం జంక్షన్ ముఖం చూడకుండానే పోతుంది. 50 లక్షలకు ఒక బోరాన్ మేలు చేస్తుంటే, 5,000 కోట్లకు ఒక ఇనుము చేటు చేస్తోంది. ఇలాంటి చోట “శుద్ధత శాతం” అనే ఒక్క అంకె ఏమీ చెప్పదు.

పైగా అదే ఇనుము, అదే మోతాదు, గుంపుగా గడ్డకట్టి ఒక మూల ఉంటే హాని చాలా తక్కువ. ఫాస్ఫరస్ ఎక్కించేటప్పటి కొలిమి వేడికి ఇనుము కదిలి, దట్టమైన ఫాస్ఫరస్ పొరలోకి లాగబడుతుంది. మలినాన్ని బయటికి తీయకుండానే దాని కోర పీకేస్తారన్నమాట. ఇక మలినం అసలే లేని స్ఫటికంలో కూడా అణువు ఉండాల్సిన చోట ఖాళీలు కొన్ని తప్పవు.

“నల్లగా ఉంటే శుద్ధం, నీలంగా ఉంటే కల్తీ”

సిలికాన్ అసలు రంగు మెరిసే బూడిద రంగు. మీకు కనిపించేది దాని మీద పరిచిన సుమారు 75 నానోమీటర్ల సిలికాన్ నైట్రైడ్ పూత. వెలుతురు వెనక్కి తిప్పికొట్టకుండా ఆ మందం ఎంచుతారు. మోనో (అంతా ఒకే స్ఫటికం) వేఫర్‌ను క్షారంతో గరుకు చేస్తే సూక్ష్మమైన పిరమిడ్లు లేచి నల్లగా కనిపిస్తుంది, పాలీని (చాలా స్ఫటికపు గింజలు కలిసినదాన్ని) ఆమ్లంతో చేస్తే నీలం మిగులుతుంది. పాలీలో గింజల సరిహద్దుల వద్ద నష్టం ఎక్కువన్నది నిజమే, కానీ అది స్ఫటికం తీరు, కల్తీ కాదు. ఆ పూతలోని హైడ్రోజన్ సిలికాన్‌లోకి పోయి తెగిన బంధాలను మూస్తుంది కూడా. దాన్ని కూడా మలినమని తిట్టాలా మరి?

“మధ్యాహ్నం మల్టీమీటర్‌లో స్టిక్కర్ వోల్టులు రావాలి”

540 వాట్ల, 144 హాఫ్-కట్ (సగానికి కోసిన) సెల్స్ మోనో పెర్క్ (సెల్ వెనక వైపు అదనపు పూత ఉన్న రకం) ప్యానెల్ తీసుకుందాం. స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (దేనికీ కలపనప్పటిది) సుమారు 49.5, షార్ట్ సర్క్యూట్ కరెంట్ (ప్లస్ మైనస్ నేరుగా కలిపినప్పటిది) సుమారు 13.85 ఆంపియర్లు ఉంటాయి. ఇవి చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుతురులో, సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి అంకెలు. గాలి 25 కాదు, సెల్ 25. బెజవాడలో ఏప్రిల్ మధ్యాహ్నం మేడ మీద సెల్ 70 దాకా పోతుంది. డిగ్రీకి 0.27 శాతం చొప్పున 45 డిగ్రీలకు 12 శాతం పోయి మీటర్‌లో కనిపించేది 43.5. నిక్షేపంలాంటి ప్యానెల్ అది. ఫార్వర్డ్ ప్రకారం వెనక్కి పంపాలి!

రెండో వైపు చూస్తే, వెలుతురు ఐదో వంతుకు పడిపోయినా వోల్టేజ్ తగ్గేది ఒక్కో సెల్‌కు 41 మిల్లీవోల్టులే. 144 సగం సెల్స్ 72 చొప్పున రెండు సమాంతర వరుసలు, కాబట్టి ఒక వరుసలోని 72 సెల్స్‌కు కలిపి 3 వోల్టులు. కరెంటు మాత్రం ఐదో వంతే. అంటే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ చూసి ప్యానెల్ సత్తా చెప్పలేం. ముక్కలైన సెల్స్ ఉన్న ప్యానెల్ కూడా దర్జాగా పూర్తి వోల్టేజ్ చూపిస్తుంది.

పనికొచ్చే పరీక్ష ఇలా ఉంటుంది. అద్దం తుడిచి, ప్యానెళ్లన్నీ ఒకే వాలులో పెట్టి, మబ్బు లేని వేళ కొన్ని నిమిషాల్లోనే అన్నీ కొలవాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో వెనక షీట్ వేడి చూసి పై లెక్క వేయాలి. ప్యానెళ్ల మధ్య వోల్టేజ్ ఒకటీ అరా తేడా ఉంటే ఫర్వాలేదు. ఒకటి మాత్రం మూడో వంతు తక్కువ, అంటే 43కి బదులు 29 చూపిస్తే, దెబ్బతిన్న వరుసను తప్పించి కరెంటును దాటించే మూడు బైపాస్ డయోడ్లలో ఒకటి షార్ట్ అయి ఉండాలి, లేదా జంక్షన్ బాక్స్‌లో కనెక్షన్ ఊడి ఉండాలి.

కరెంటుకు డీసీ కొలిచే క్లాంప్ మీటరే వాడాలి. చాలామంది దగ్గర ఉండేది ఏసీ క్లాంప్, అది సున్నా చూపిస్తుంది. మల్టీమీటర్ 10 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే 13 ఆంపియర్లకు ఫ్యూజ్ పోతుంది. ప్యానెల్‌ను దళసరి గుడ్డతో కప్పి, ప్లస్ మైనస్ ఎంసీ4 కనెక్టర్లు ఒకదానికొకటి కలిపి, గుడ్డ తీసి క్లాంప్‌తో చూడాలి. మళ్లీ కప్పాకే విడదీయాలి. కరెంటు పారుతుండగా లాగితే ఆర్క్ వస్తుంది, డీసీ ఆర్క్ ఏసీలా తనంతట ఆరిపోదు. ఇప్పటికే బిగించిన స్ట్రింగ్ (వరుసగా కలిపిన ప్యానెళ్లు) అయితే ముందు ఇన్వర్టర్ ఆపి, డీసీ ఐసొలేటర్ తిప్పాకే చెయ్యి పెట్టాలి. వెలుతురు మీటర్ 780 వాట్లు చూపిస్తే రావాల్సింది సుమారు 10.8 ఆంపియర్లు. మీటర్ లేకపోతే ప్యానెళ్లను ఒకదానితో ఒకటి పోల్చండి, 5 శాతం మించి వెనకబడినదాన్ని పక్కన పెట్టండి.

అయితే ఒక మెలిక ఉంది. ఒక్క సెల్ మాత్రమే దెబ్బతింటే, షార్ట్ చేసినప్పుడు ఆ వరుసను బైపాస్ డయోడ్ దాటేసి కరెంటు నిండుగా కనిపిస్తుంది. అది బయటపడేది ఏ వోల్టేజ్ దగ్గర ఎంత కరెంటో గీత గీసి చూపే ఐ-వీ కర్వ్ ట్రేసర్‌లోనే, గీత మధ్యలో మెట్టులా విరుగుతుంది. ఇన్‌స్టాలర్‌ను అడగాల్సింది ఈ గీత.

మల్టీమీటర్ ఒక్కటే ఉంటే మధ్యాహ్నం కంటే పొద్దున్నే మేలు. పొద్దు పొడిచిన కాసేపటికి, మసక వెలుతురులో, మంచి ప్యానెల్ 40 వోల్టులకు పైనే నిలబడుతుంది. లోపల లీకేజీ, అంటే షంట్, ఉన్నది అప్పుడే చతికిలబడుతుంది. ఎండ ముదిరాక లీకేజీ కరెంటు లెక్కలోకి రాకుండా దాక్కుంటుంది.

“ఎండ మండేకొద్దీ కరెంటు”

వెలుతురు వేరు, వేడి వేరు. మే నెలలో యూనిట్లు బాగానే వస్తాయి, ఎందుకంటే పొద్దు పొడుగు, సూర్యుడు నడినెత్తిన. వేడి మాత్రం ఆ లాభంలోంచి కోత కోస్తుంది. గాలి 44 డిగ్రీలు, వెలుతురు 1,000 వాట్లు, డేటాషీట్‌లో నామినల్ ఆపరేటింగ్ ఉష్ణోగ్రత 45 ఉంటే సెల్ వేడి సుమారు 75 అవుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 17.5 శాతం పోతుంది. 540 వాట్ల ప్యానెల్ ఇచ్చేది 445. రోళ్లు పగిలే ఎండలో ఎలక్ట్రాన్లూ హోల్సూ వేడికే విచ్చలవిడిగా పుట్టుకొస్తాయి: 27 నుంచి 77 డిగ్రీలకు పోతే సిలికాన్‌లో వాటి సహజ సాంద్రత దాదాపు 30 రెట్లవుతుంది. దాంతో జంక్షన్‌లో వెనక్కి కారే కరెంటు పెరిగి వోల్టేజ్ జారుతుంది. కరెంటు పెరుగుదల డిగ్రీకి 0.05 శాతమే, ఆ నష్టాన్ని ఏమూలకూ పూడ్చదు.

రేకుల కప్పుకు అతికించినట్టు బిగిస్తే గాలి ఆడక ఇంకా వేడెక్కుతుంది, కనీసం జానెడు ఎత్తు వదలాలి. చల్లబరుద్దామని మధ్యాహ్నం పైపుతో నీళ్లు కొట్టడం మరో పొరపాటు. కాగిన అద్దానికి అది దెబ్బ, బోరు నీళ్లయితే ఉప్పు పొర కూడా.

“అద్దం పగలనంతవరకు ఢోకా లేదు”

పైన పటారం, లోన లొటారం అనే సామెత దీనికే పుట్టిందేమో. అద్దం 3.2 మిల్లీమీటర్లు, గట్టిపరచినది. దాని వెనక సెల్ వెంట్రుక కంటే కొంచెం మందం. అద్దం వంగి మళ్లీ నిటారవుతుంది, సెల్ మాత్రం చిట్లుతుంది. 540 వాట్ల ప్యానెల్ రెండు మీటర్ల పైచిలుకు పొడవు, 27 కిలోల బరువు. దాన్ని కూలీ నెత్తిన పెట్టుకుని మూడంతస్తుల మెట్లెక్కితే రెండు చివరలూ ఊగుతాయి. ఆటో ట్రాలీలో పడుకోబెట్టి దొంతర పెట్టినా, కడిగేటప్పుడు మీద కాలు వేసినా, క్లాంప్ బోల్టును టార్క్ రెంచ్ లేకుండా బలం కొద్దీ బిగించినా అంతే. ఇద్దరు పట్టుకుని, నిలువుగా, ఫ్రేమ్ పొడవు వైపుల్లో ఎత్తాలి.

పగిలిన ప్రతి సెల్ పోయినట్టు కాదు, ఇది కూడా చెప్పాలి. ఇప్పటి ప్యానెళ్లలో ఒక్కో సెల్ మీద కరెంటు మోసే సన్నని రిబ్బన్లు పదీ పన్నెండు పోతాయి కాబట్టి చీలికకు రెండు పక్కలా దారి దొరుకుతుంది. చీలిక రిబ్బన్‌కు సమాంతరంగా పోయి ఒక ముక్కను పూర్తిగా విడదీస్తేనే చిక్కు. పగలు కాగి రాత్రి చల్లబడే కొద్దీ ఆ సందు వెడల్పవుతుంది. ఏడాది తరువాత నత్త పాకినట్టు గోధుమ గీతలు కనిపిస్తే అవి వెండి గీతలు రంగు మారడమే, చాలాసార్లు చీలిక వెంబడే వస్తాయి.

తేల్చేది ఎలక్ట్రోల్యూమినిసెన్స్ ఫొటో. చీకట్లో ప్యానెల్‌కు బయటి నుంచి కరెంటు ఇస్తే సిలికాన్ 1,150 నానోమీటర్ల దగ్గర సన్నగా వెలుగుతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ తీసేసిన కెమెరాకు అది అందుతుంది. రెండు ఫొటోలు తీయించాలి: నిండు కరెంటుతో ఒకటి, అందులో పదో వంతుతో ఒకటి. మొదటిదాంట్లో చీలికలు నల్లగా వస్తాయి, రెండోదాంట్లో షంట్ పడిన సెల్స్ ఆరిపోతాయి. ఒక్క ఫొటోతో సరిపెడితే రెండో జబ్బు దొరకదు.

“మొదటి నెలల్లో తగ్గితే మోసం”

బోరాన్ వాడిన వేఫర్‌లో, సిలికాన్‌ను కరిగించే క్వార్ట్జ్ మూస నుంచి కరిగి వచ్చిన ఆక్సిజన్ ఉంటుంది. వెలుతురు పడగానే బోరాన్, ఆక్సిజన్ జతకట్టి కొత్త లోపం అవుతాయి. మొదటి కొద్ది రోజుల్లోనే 1 నుంచి 3 శాతం పోతుంది, తరువాత నిలకడ. 1973లోనే గుర్తించిన సంగతి ఇది. బోరాన్‌కు బదులు గాలియం వాడటం వల్ల ఇప్పుడు చాలావరకు వదిలింది. పెర్క్ డేటాషీట్‌లో మొదటి ఏడాది 2 శాతం అని రాసేది ఇలాంటివాటికే. రోజుకు 12 యూనిట్లు ఇచ్చే 3 కిలోవాట్ల సిస్టమ్‌లో అది పావు యూనిట్, బిల్లులో కంటికి ఆనదు.

పది శాతం తగ్గితే మాత్రం సిలికాన్ మీదికి పోకండి. ముందు దుమ్ము, చెట్టు నీడ, పక్కింటి ట్యాంకు నీడ చూడండి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల థర్మల్ బూడిద ఒక్కటి చాలు. తుడిచాక కూడా రాకపోతే, అప్పుడు పై పరీక్షలు. అద్దంలోని సోడియం స్ఫటికపు దొంతర లోపాల్లోకి పాకి షంట్ వేసే జబ్బు ఒకటి ఉంది. వేడి, తేమ, ఎక్కువ వోల్టేజ్ మూడూ కలిస్తే వస్తుంది. 1,000, 1,500 వోల్టుల ప్లాంట్లకు అది పెద్ద బెడద, ఆరు ప్యానెళ్లతో 300 వోల్టులకు మించని ఇంటి స్ట్రింగ్‌లో తక్కువ.

“ఎన్-టైప్‌కు ఏ లోపమూ రాదు”

ఎన్-టైప్ అంటే వేఫర్‌లో బోరాన్‌కు బదులు ఫాస్ఫరస్ కలిపిన రకం. బోరాన్-ఆక్సిజన్ గొడవ లేదు, ఇనుము హాని తక్కువ, వేడికి పోయేది డిగ్రీకి 0.30 శాతం లోపు. ఇవన్నీ నిజమే. కానీ ఆక్సిజన్ అక్కడా ఉంది, గడ్డకడితే ఎలక్ట్రోల్యూమినిసెన్స్ ఫొటోలో గుండ్రటి వలయాలుగా కనిపిస్తుంది. చీలికలకు ఎన్ అని, పీ అని తేడా లేదు. తయారీదారులే మొదటి ఏడాది 1 శాతం, ఆపై ఏటా 0.4 శాతం తగ్గుతుందని రాసిస్తున్నారు. 30 ఏళ్లకు మిగిలేది 87.4 శాతం. ఈ అంకె డేటాషీట్‌లో వారంటీ గ్రాఫ్ పక్కనే ఉంటుంది. కొనేముందు డీలర్‌ను ఆ పేజీ అడగండి.