సంపులోని పాచి గారికి, కోరం లేని కార్యదర్శి రాయునది

హన్మకొండ.

మహారాజశ్రీ పాచి గారికి,

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క నీళ్ళ విషయంలో తప్ప. మీరు మరీ క్షేమంగా ఉన్నారని పోయిన ఆదివారం సంపు మూత ఎత్తితే తెలిసింది. గోడకు వేలు ఆనిస్తే బెండకాయ జిగురులా సాగింది. బ్లీచింగ్ పౌడర్ కలిపి పోస్తే వాసన మాకు, స్నానం మీకు.

మావి ఇరవై నాలుగు ఫ్లాట్లు. సంపు కడిగించడానికి మీటింగ్ పెడితే ఐదుగురొచ్చారు. అందులో ఇద్దరు పార్కింగ్ పంచాయితీ కోసం. మీటింగ్ చెల్లడానికి కావాల్సినంత మంది, అంటే కోరం, లేదని వాయిదా వేస్తుంటే వాచ్‌మన్ అడిగాడు: "కోరం అంటే ఏంది సార్, దానికి గూడ ఛాయ్ చెప్పాల్నా?"

మీకు ఆ తిప్పలు లేవు. పాచి అంటే జిగురులో కాపురముండే బాక్టీరియా మందే కదా. మీలో ప్రతి ఒక్కరూ ఒక చిన్న రసాయనాన్ని నీళ్ళలోకి వదులుతూనే ఉంటారట. ఒంటరిగా ఉంటే అది కొట్టుకుపోతుంది, మీరూ గమ్మునుంటారు. మంది పెరిగేకొద్దీ అది చిక్కబడి, ఒక హద్దు దాటగానే అందరిలోనూ జన్యువులు ఒక్కసారే మేల్కొంటాయి. వెలుగిచ్చే మీ బంధువులు హవాయిలో స్క్విడ్ అనే ఒక బుల్లి సముద్రజీవి ఒంట్లో కాపురముంటారు. ఇల్లు కిక్కిరిశాకే దీపం పెడతారు. సముద్రంలో చెల్లాచెదురుగా ఉన్నప్పుడు కరెంటు దండగ చేయరు. ఈ పద్ధతికి 1994లో శాస్త్రవేత్తలు పెట్టిన పేరు చదివి నా కడుపు మండింది. కోరం సెన్సింగ్, అంటే కోరం నిండిందో లేదో పసిగట్టడం!

సూడోమోనాస్ అనే బాక్టీరియా వారి సంగతి చెప్పాలా? కాలిన పుండు మీదా, యూరిన్ పైపు లోపలా చేరి, నలుగురే ఉన్నప్పుడు చడీచప్పుడు చేయరు. తొందరపడి విషం తీస్తే ఒంట్లోని కాపలా దళం లేస్తుందని తెలుసు కాబోలు. బలగం కూడాక విషమూ, జిగురు కోటా. కోటలోకి దూరాక యాంటీబయాటిక్‌కూ చెమటలే. 1998లో కొందరు పరిశోధకులు ఆ కబురు రసాయనాన్ని తయారు చేయలేని సూడోమోనాస్‌ను పెంచి చూశారు. కోట బదులు పలచని చాప పరిచింది. టూత్‌పేస్టులో నురుగు తెప్పించే డిటర్జెంట్ పడితే ఊడిపోయింది. మాట పోతే మీ బతుకు ఇంతే.

కలరా వారిది ఉల్టా లెక్క. మంది తక్కువున్నప్పుడు పొర కట్టి విషం తీసి, కోరం నిండగానే దుకాణం కట్టేసి బయటి దారి పడతారు. మా పాత అధ్యక్షుల వారూ అంతే. జనం నిండితే లెక్కలడుగుతారని భయం.

ఆస్ట్రేలియా తీరంలో ఒక ఎర్ర నాచు ఉందట. మీ కబురు రసాయనాన్ని పోలిన పదార్థాలు వదిలి మిమ్మల్ని గందరగోళం చేస్తుందట. మా వాట్సాప్ గ్రూపులో ఆ పని గుడ్ మార్నింగ్ గులాబీలు చేస్తాయి. సంపు నోటీసు పెట్టిన పావుగంటకే పూల కింద పూడిపోయింది.

మీకో కబురు. వాయిదా పడ్డ మీటింగ్‌కు కోరం అక్కర్లేదని మా బైలాలో దొరికింది. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ముగ్గురం దిగుతున్నాం, సంపు ఖాళీ చేసి, గట్టి బ్రష్షులతో. మందు పోయడం తర్వాత, ముందు గీకుడే. మీకు వేరే నోటీసు పంపడం లేదు, ఎలాగూ అందరూ హాజరుంటారు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: మూడో మనిషి ఇంకా ఖాయం కాలేదు.