సీమలో టీనేజ్ పిల్లలున్నారు, వాళ్ల నవలే లేదు

ఇంటర్ పిల్లలు తెలుగు పుస్తకం ముట్టట్లేదని సభల్లో మైకు పట్టుకుని బాధపడే పెద్దల్ని ఒకటే అడగాలనిపిస్తుంది, ముట్టడానికి ఏముంది సార్ అని. ఏడో తరగతి దాకా నీతికథలు, తెనాలి రామకృష్ణుడు, బొమ్మల రామాయణం ఉన్నాయి. డిగ్రీ అయిపోయినాక కథాసంపుటాలు, అవార్డు నవలలు, వాటి మీద వ్యాసాలు, ఆ వ్యాసాల మీద గొడవలు, అన్నీ ఉన్నాయి. మధ్యలో మీసం మొలిచే వయసుకి, అద్దం ముందు నుంచి కదలని వయసుకి, ఫ్రెండు ఒకరోజు మాట్లాడకపోతే అన్నం సయించని వయసుకి మాత్రం ఏమీ లేదు. ఇంగ్లీషులో దీన్ని యంగ్ అడల్ట్ అంటారు, సుమారుగా 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల కోసం రాసే నవలలు, తొలిప్రేమ, స్నేహం, ఇల్లు దాటి పోయే సాహసం ఇవే అందులో సరుకు. అక్కడి షాపుల్లో వాటికి ఒక గోడ మొత్తం ఇస్తారు, మన షాపుల్లో ఆ గోడ నిండా ఎంసెట్ మెటీరియల్, కానిస్టేబుల్ బిట్ బ్యాంకులు.

నిజానికి పిల్లలు చదవట్లేదనేది కూడా అబద్ధమే, ఫోన్లో తెగ చదువుతున్నారు. బెంగళూరులో 2014లో మొదలైన ప్రతిలిపి లాంటి యాప్‌లలో తెలుగు సీరియళ్లు ఎపిసోడ్ల లెక్కన వస్తుంటాయి, కర్నూలు నుంచి నంద్యాల పోయే బస్సులో పక్క సీటు పాప ఫోన్ వైపు ఒకసారి చూడండి, రీల్స్ కాకపోతే అదే. అయితే వాటిలో చాలావరకు ఏముంటుందంటే కోటీశ్వరుడైన సీఈఓ, ఇష్టం లేని పెళ్లి, పొగరుబోతు మొగుడు, ఓపిగ్గా భరించి చివరికి అతన్ని మార్చేసే భార్య. చదివేది పదహారేళ్ల పిల్ల, కథలో మాత్రం పదహారేళ్ల పిల్ల ఎక్కడా లేదు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఇన్‌స్టాలో చూసి అమెరికన్ రొమాన్సులు తెప్పించుకుంటున్నారు, అందులో కొన్ని పక్కా పెద్దవాళ్ల కోసం రాసినవే, కవర్ మీద పూలు ఉండేసరికి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. (తెలుగులో ఉంటే ఒక పేజీ తిప్పి చూసేవాళ్లేమో, ఇంగ్లీషు పుస్తకం కదా, చదువుకుంటోంది పాప అనుకుంటారు.)

మనకు ఎప్పుడూ లేవా అంటే అటూ ఇటూగా ఉండేవి. 1947 జులైలో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు పేరు కూడా వేసుకోకుండా ఏళ్ల తరబడి రాసిన సీరియళ్లు సాహసం కాక ఇంకేంటి, లోయలు, మాంత్రికులు, వింత జంతువులు, నెలకొకసారి ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన తరాలున్నాయి. కానీ అది రాజుల కాలం, ఆ అడవిలో ఆడపిల్ల తనంతట తాను నడిచిపోవడం అరుదు. తర్వాత వారపత్రికల్లో సీరియళ్ల కాలం, యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు మన అమ్మలు, చిన్నమ్మలు క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివినవాళ్లే. అక్కడ ప్రేమ ఉంది, ఆడపిల్లకు అభిమానం కూడా ఉంది, కానీ కథ అంతా పెళ్లి వైపే నడుస్తుంది. పెళ్లితో సంబంధం లేకుండా ఒక పిల్లకు ఒక పిల్లోడు ఊరికే నచ్చడం, నచ్చినందుకు ఏం చేయాలో తెలియక పిచ్చిపిచ్చిగా ప్రవర్తించడం, నాలుగు నెలలకు అది దానంతట అదే చల్లారిపోవడం, దీనికి మన దగ్గర నవల లేదు.

ఇంగ్లీషు వాటిని చూసి అలాగే రాసేస్తే సరిపోతుందా అంటే అదీ కుదరదని నా అభిప్రాయం. అక్కడ ప్రేమ కథ వేరు, ఫ్రెండ్స్ కథ వేరు, అడ్వెంచర్ వేరు, కావాలంటే కలుపుతారు లేకపోతే లేదు. మన కర్నూలు, కడప, అనంతపురంలో ఆ మూడూ విడివిడిగా దొరకవు. కడపలో ఇంటర్ సెకండియర్ చదివే ఒక అమ్మాయిని అనుకుందాం, ట్యూషన్లో ఒకబ్బాయి నచ్చాడు. ఆమెకు సొంత ఫోన్ లేదు, అమ్మ ఫోన్లో ఆ నంబరు "శ్రావణి బయాలజీ" అని సేవ్ చేసుకుంది, నిజం శ్రావణి పక్కింట్లోనే ఉంది, అమ్మ ఎప్పుడైనా అనుమానంతో అడిగితే "అవును పెద్దమ్మా నేనే మెసేజ్ పెట్టినా" అని చెప్పాల్సింది ఆ పిల్లే. అంటే ఈ ప్రేమ మొత్తం నిలబడింది స్నేహితురాలి అబద్ధం మీద. రేపు దొరికిపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు, అబ్బాయికి వార్నింగు, అమ్మాయికి దెబ్బలు, ఆ తర్వాత తిట్లన్నీ శ్రావణికే, "నువ్వే కదమ్మే చెడగొట్టినావు మా పిల్లని" అని. రెండిళ్ల మధ్య మాటలు బంద్. ఆర్నెల్లు పోతే ఆ అబ్బాయి మొహం కూడా సరిగ్గా గుర్తుండదు, శ్రావణితో తెగిపోయిన మాట మాత్రం పెళ్లైనా, పిల్లలు పుట్టినా అట్లే ఉంటుంది. మన దగ్గర తొలిప్రేమ నవల ఎవరైనా నిజాయితీగా రాస్తే అందులో గుండె పగిలే సీను అబ్బాయితో కాదు, శ్రావణితో ఉంటుంది.

సాహసం కూడా అంతే, డ్రాగన్లు అక్కర్లేదు. గండికోట పోయి పెన్నా లోయ అంచున కూర్చుని రావడం అబ్బాయిలకు ఆదివారం పని, బండికి పెట్రోల్ కొట్టించుకుంటే చాలు. అదే ఇద్దరమ్మాయిలు ఇంట్లో స్పెషల్ క్లాస్ అని చెప్పి, జమ్మలమడుగులో దిగి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుని, తెలిసినోళ్లు ఎవరైనా చూస్తారేమోనని చున్నీ మొహానికి చుట్టుకుని పోయి సాయంత్రం ఐదుకల్లా ఇల్లు చేరాలంటే అది పెద్ద ప్లానింగ్. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక ఈ కథ ఇంకా మారింది, చేతిలో రూపాయి లేకపోయినా ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని ఎక్కొచ్చు, కండక్టర్ ఎక్కడికమ్మా అని అడిగినప్పుడు ఏ ఊరి పేరు చెప్పాలనేదే టెన్షన్. ఎవరైనా రచయిత ఈ ఒక్క రోజు మీదే నవల రాయొచ్చు, నేనైతే కొని చదువుతా.

ఇక జొన్నగిరి. తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి వైపు, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు వజ్రాలు వెతకడానికి చేలల్లోకి జనం దిగుతారు, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కూడా వస్తారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి, ఎండ పడగానే ఏది మెరిస్తే అది ఏరుకోవడం, నడుము వంచి ఒక్కో అడుగు వేసుకుంటూ పోవడం, దొరికింది గాజుపెంకా వజ్రమా తెలియక నోట్లో పెట్టుకుని తడిపి చూడటం. చెట్ల కింద, గుడి దగ్గర సంసారాలతో పడుకుంటారు. వ్యాపారులు కబురు అందగానే దిగుతారు, బేరం గుట్టుగా జరుగుతుంది, ఫలానా కూలీకి లక్షల్లో పలికే రాయి దొరికిందని మర్నాడు పేపర్లో వస్తుంది. ప్రతి ఏడూ ఇదే వార్త. నిధి వేట నవల రాయడానికి ప్రపంచంలో వేరేవాళ్లు దీవులు, మ్యాపులు కల్పించుకోవాల్సి వచ్చింది, మనకు పత్తి చేనే నిధి, అసలు హక్కు ఎవరిది, చేను ఓనర్‌దా, దొరికినోడిదా, తక్కువకు కొట్టేసిన వ్యాపారిదా అనే గొడవ కూడా రెడీగా ఉంది. పదిహేనేళ్ల ఇద్దరు ఫ్రెండ్స్‌కి కలిసి ఒక రాయి దొరికిందనుకోండి, ఎవరి జేబులో పెట్టుకోవాలి? రాత్రికి ఎవరింట్లో ఉండాలి? ఆ ప్రశ్న దగ్గరే స్నేహం బయటపడుతుంది. ఇంత దగ్గర్లో ఇంత కథ పెట్టుకుని మనం ఇంకా పిల్లల కోసమంటే కుందేలు, తాబేలు దగ్గరే ఆగిపోయాం.

సీమ రచయితలు ఈ వయసును పట్టించుకోలేదా అంటే, పట్టించుకున్న తీరే సమస్య అనిపిస్తుంది. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ లాంటి పెద్దలు రాసిన కరువు, వ్యవసాయం, మనుషుల బతుకు మన సాహిత్యానికి వెన్నెముక, దాంట్లో నాకేం పేచీ లేదు. కానీ ఆ దారిలో వచ్చిన చాలా కథల్లో కుర్రాడు ఎందుకుంటాడంటే నాన్న కష్టం చూడ్డానికి. బోరు ఎండిపోతే చూస్తాడు, ఎద్దుల్ని అమ్మేస్తుంటే చూస్తాడు, వాడికి సొంతంగా ఒక కోరిక, ఒక సిగ్గు, ఒక పిచ్చిపని ఉండవు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊర్ల నుంచి పనుల్లేని కాలంలో సంసారాలకు సంసారాలు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి, బడి పిల్లల్ని కూడా తీసుకుపోతారు, దీని మీద కన్నీళ్ల కథలు, పేపర్ కథనాలు చాలానే వచ్చాయి, రావాలి కూడా. అయితే ఆ లారీలో పద్నాలుగేళ్ల పిల్లలు నవ్వుకుంటారు కూడా. పరాయి ఊరి చేలో వేరే ఊరి పిల్లలు పరిచయమవుతారు, మిరపకాయ ఘాటుకు చేతులు మండుతున్నా పాటలు పెట్టుకుంటారు, ఇన్‌స్టా ఐడీలు మార్చుకుంటారు, తిరిగొచ్చేటప్పుడు ఏడ్చేవాళ్లు కూడా ఉంటారు. బతుకు కష్టమని వాళ్లకు తొలిప్రేమ వాయిదా పడదు కదా. ఈ ముక్క రాస్తే వలసను తేలిక చేసినట్టు అవుతుందేమోనని మన రచయితలకు భయం, నాకైతే రాయకపోవడమే ఆ పిల్లల్ని లెక్కలోకి తీసుకోకపోవడం అనిపిస్తుంది.

దగ్గరగా వచ్చిన పుస్తకం ఒకటుంది, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి కొండపొలం. ఉద్యోగం రాని కుర్రాడు గొర్రెల వెంట నల్లమల ఎక్కుతాడు, పులి భయం, నీళ్ల వెతుకులాట, అడవిలోనే వాడు మనిషిగా తేరుకోవడం, ఇది అచ్చంగా సాహస నవలే, 2019లో తానా (అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం) బహుమతి వచ్చింది. హీరో టీనేజ్ దాటేశాడు గానీ పదిహేడేళ్ల పిల్లలకు ధైర్యంగా చేతిలో పెట్టొచ్చు. 2021లో క్రిష్ సినిమా తీసినప్పుడు నవలలో లేని హీరోయిన్‌ని కలిపారు. సినిమా లెక్కలు సినిమావి, అయినా ఒకటి గమనించండి, సాహసం రాస్తే మన నవలకు ప్రేమ గుర్తురాలేదు, తెరమీదికి వెళ్లేసరికి ప్రేమ లేకుండా అమ్మలేమని అనిపించింది. రెండూ మొదటి నుంచీ ఒకే కడుపులో పుట్టిన కథ మనం ఇంకా చూడలేదు.

ఎందుకు రాయట్లేదంటే భయం, ఇంకేం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, 2019-21) ప్రకారం ఏపీలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లైంది. అంటే పదహారేళ్లకు పెళ్లి చేయడానికి చాలా ఇళ్లకు అభ్యంతరం లేదు, పదహారేళ్లకు ఒకడు నచ్చాడంటేనే అభ్యంతరం, ఇంకా చెప్పాలంటే ఒకడు నచ్చాడని తెలిసే చాలాచోట్ల ఆ పెళ్లి తొందరపెడతారు. ఇంకోవైపు 2012 పోక్సో చట్టం, 18 లోపు వాళ్ల ఇష్టాన్ని చట్టం ఒప్పుకోదు, పిల్లల్ని కాపాడే చట్టం అది, అవసరమే, కానీ పారిపోయిన జంటల కేసుల్లో అబ్బాయి జైలుకు పోవడం కూడా జిల్లా పేజీల్లో చూస్తూనే ఉన్నాం. ఇంతటి విషయాన్ని పదిహేడేళ్ల పిల్లలకు ఎవరు చెప్తున్నారు? కాలేజీలో చెప్పరు, ఇంట్లో చెప్పరు, సినిమాలో హీరో వెంటపడి వేధించడమే ప్రేమ. వద్దంటే వద్దని అర్థం, ఫొటో పంపమంటే పంపక్కర్లేదు, బ్లాక్ చేస్తే వాడికి బాధ కలుగుతుంది గానీ నీ తప్పు కాదు, ఇలాంటివి లెక్చర్‌గా చెప్తే ఏ పిల్లా వినదు, తనలాంటి పిల్లకు జరుగుతున్న కథలో ఐతే రాత్రి రెండింటి దాకా చదువుతుంది.

ముగింపు విషయంలో కూడా మనోళ్లు మారాలి. మన ప్రేమకథకు పెళ్లి లేదంటే చావు, సీమలో ఐతే మధ్యలో వేటకొడవలి. నిజంగా జరిగేది చూస్తే అబ్బాయి బీటెక్‌కి బెంగళూరు పోతాడు, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు రోజూ నుంచి వారానికొకటి అవుతాయి, ఒకరోజు ఇన్‌స్టా స్టోరీలో వేరే అమ్మాయి కనిపిస్తుంది, ఈ అమ్మాయి ఒక నాలుగు రోజులు అన్నం తినదు, ఐదో రోజు ల్యాబ్ ఎగ్జామ్ ఉంటుంది, పోతుంది. ఇంతే. నూటికి తొంభై తొలిప్రేమలు ఇట్లాగే పోతాయి, ఇట్లా పోవడం మామూలేనని ఒక్క నవల చెప్పినా ఆ నాలుగు రోజులు ఇంకొంచెం తేలిగ్గా గడిచేవి.

భాష దగ్గర పెద్దగా చెప్పక్కర్లేదు, "యాడుండావ్ రా, లొకేషన్ పెట్టు" అని మాట్లాడే పిల్లలతో "ఎక్కడున్నావు మిత్రమా" అనిపించకుండా ఉంటే చాలు.

అచ్చు వేయడమే అసలు తలనొప్పి. టీనేజ్ పిల్లల దగ్గర డబ్బులుండవు, కొనాల్సింది అమ్మానాన్న, వాళ్లు ఆల్-ఇన్-వన్ గైడ్ కొంటారు గానీ తొలిప్రేమ నవల కొనిస్తారా? రచయిత సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేసుకుని తోటి రచయితలకు పంచుకుంటే అవి చేరేది యాభై దాటిన వాళ్లకే. కాబట్టి ఫోనే దారి, ఎపిసోడ్లుగా, ఫ్రీగా. రాసేది కూడా మా వయసు పెద్దవాళ్లే కానక్కర్లేదు. అమెరికాలో ఈ తరహా నవలలకు దారి వేసిన పుస్తకాల్లో ఒకటైన ది అవుట్‌సైడర్స్ 1967లో వచ్చేనాటికి ఎస్.ఇ. హింటన్‌కి నిండా ఇరవై లేవు, హైస్కూల్లో ఉన్నప్పుడే రాసింది, మగపిల్లల గ్యాంగుల కథ ఆడపిల్ల రాసిందంటే రివ్యూలు రాసేవాళ్లు చులకన చేస్తారని పూర్తి పేరు బదులు పొడి అక్షరాలు వేశారు. మన ఆదోని అమ్మాయికి ఆ బాధ ఇంకో రకంగా ఉంటుంది, రివ్యూయర్ సంగతి తర్వాత, ముందు వాళ్లన్నకు తెలియకూడదు. యాప్‌లలో పెట్టుడు పేర్లతో రాస్తున్న పిల్లలు ఇప్పటికే ఉన్నారు, సీఈఓ మొగుళ్ల గురించి రాస్తున్నారు ఎందుకంటే అక్కడ నడిచేది అదే. నవలల పోటీలు పెట్టే సంస్థలు ఒక్కసారి ఎంట్రీ రూల్స్ మార్చి చూడొచ్చు, రాసేవాళ్ల వయసు 18 లోపు ఉండాలి, అసలు పేరు బయటపెట్టం, ఉత్తరాలు ఇంటి అడ్రసుకు పంపం అని. బహుమతి డబ్బు ఎట్లా అందించాలనేది కూడా ఆలోచించాలి, చాలామందికి బ్యాంకు అకౌంటు నాన్న పేరుతో కలిసే ఉంటుంది.