"సిగరెట్ కంటే మేలే కదా" అన్న మాట పిల్లలకు వర్తించదు

టీనేజ్ పిల్లలున్న తల్లిదండ్రుల గ్రూపుల్లో వేప్, అంటే ఈ-సిగరెట్, గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "మీవాడు వేప్ లాగుతున్నాడని కంగారుపడకండి. అది పొగ కాదు, వట్టి ఆవిరి. సిగరెట్ కంటే 95 శాతం సురక్షితమని ఇంగ్లండ్ ప్రభుత్వమే చెప్పింది. నికోటిన్ వల్ల క్యాన్సర్ రాదు, అది కాఫీలో కెఫీన్ లాంటిదే. చదువుల టెన్షన్ తగ్గుతుంది, ఏకాగ్రత పెరుగుతుంది. వేప్ ఉంటే సిగరెట్ జోలికి పోరు. ఇదంతా వయసు ముచ్చట, కొన్నేళ్లు పోతే వాళ్లే మానేస్తారు."

దీన్ని పంపేవాళ్లలో ఎక్కువమంది బిడ్డ జేబులో వేప్ చూసి గుండె గుభేలుమన్నవాళ్లే. ఆ భయంలో కాస్త ఊరట కోసం చదువుతారు, ఇంకొకరికి పంపుతారు. కానీ ఆ ఊరట వల్ల బిడ్డతో మాట్లాడాల్సిన నెలలు చేజారిపోతున్నాయి. నన్ను బాధపెట్టేది అదే.

"వట్టి ఆవిరి" దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. వేప్‌లో పోసేది నీళ్లు కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసనకూ రుచికీ కలిపే రసాయనాలు, నికోటిన్ ఉన్న ద్రవం. బ్యాటరీతో వేడెక్కే సన్నని తీగచుట్ట దాన్ని కంటికి పొగలా కనిపించే తుంపరగా మారుస్తుంది. ఆ వేడికి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివి పుడతాయి. తీగలోని నికెల్, క్రోమియం కూడా తుంపరలోకి చేరుతున్నట్టు పరీక్షల్లో తేలింది. సిగరెట్ పొగలో ఉన్నన్ని విషాలు ఇందులో లేవన్నది నిజమే. "మేం లాగేది నికోటిన్ లేనిదే" అని చెప్పే పిల్లలూ ఉంటారు. 2015లో అమెరికా దుకాణాల అమ్మకాల లెక్కలు తీస్తే, అమ్ముడైన ఈ-సిగరెట్ సరుకులో దాదాపు 99 శాతం నికోటిన్ ఉన్నదే.

ఇక ఆ 95 శాతం. 2013లో డేవిడ్ నట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆధ్వర్యంలో కొద్దిమంది నిపుణులు కూర్చుని, సిగరెట్ మొదలు నికోటిన్ ప్యాచ్ దాకా ఒక్కోటీ ఎంత హాని చేస్తుందో తమ అంచనా ప్రకారం మార్కులు వేశారు. మరుసటి ఏడాది అది వ్యాసంగా అచ్చయింది. చాలా ఉత్పత్తుల హాని గురించి గట్టి ఆధారాలు లేవని ఆ వ్యాసంలో వాళ్లే రాశారు. 2015లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ తన నివేదికలో ఈ అంకెను పైకెత్తింది. ఇంత బలహీనమైన పునాది మీద అంత పెద్ద మాటా అని అదే ఏడాది లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకీయంలో తప్పుబట్టింది.

సరే, అంకె నిజమేననుకుందాం. ఆ పోలిక ఎవరికోసం? రోజుకో పెట్టె కాల్చే నలభై ఏళ్ల మనిషి కోసం. ఆయన సిగరెట్లు పూర్తిగా వదిలేసి వేప్‌కి మారితే ఒంట్లోకి వెళ్లే విషం బాగా తగ్గుతుంది. పెద్దవాళ్లు సిగరెట్ మానడానికి నికోటిన్ వేప్‌లు సాయపడతాయని, వైద్య పరిశోధనలను కలిపి చూసే కాక్రేన్ సమీక్షలు కూడా చెబుతున్నాయి. అందులో నాకు పేచీ లేదు. కానీ సిగరెట్టే ముట్టని పద్నాలుగేళ్ల పిల్ల మానడానికి ఏముంది? ఆమె విషయంలో వేప్‌ని పోల్చి చూడాల్సింది సిగరెట్‌తో కాదు, ఏ నికోటినూ లేని నిన్నటి ఆమె ఒంటితో. ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ చెబుతూ వచ్చిందీ ఇదే. సిగరెట్ తాగేవాళ్లకు దానికన్నా వేప్ నయం, తాగనివాళ్లు దాని జోలికే పోవద్దు, పిల్లలకు దాన్ని అంటగట్టడం ఎంతమాత్రం ఒప్పుకోలేం అని. మెసేజ్ రాసినవాళ్లు మొదటి ముక్క ఉంచి మిగతాది మింగేశారు.

అసలు గొడవంతా కెఫీన్ మాట దగ్గరుంది. సిగరెట్ తెచ్చే క్యాన్సర్లలో ప్రధాన దోషి పొగలోని ఇతర రసాయనాలే తప్ప నికోటిన్ కాదన్నది సరే. కానీ పిల్లల విషయంలో నికోటిన్ మీద ఉన్న ఫిర్యాదు క్యాన్సర్ గురించి కానే కాదు. మెదడు గురించి.

మనిషి మెదడు ఎదగడం సుమారు పాతికేళ్ల దాకా సాగుతుంది. సంతోషాన్నీ ఉత్సాహాన్నీ పుట్టించే లోపలి భాగాలు ముందే చురుగ్గా పనిచేయడం మొదలుపెడతాయి. "ఆగు, ఆలోచించు" అని చెప్పే ముందు భాగం అన్నిటికన్నా చివర్న పూర్తవుతుంది. ఈ మధ్యకాలంలో మెదడు అక్కర్లేని కనెక్షన్లను కత్తిరించుకుంటూ, వాడేవాటిని గట్టి చేసుకుంటూ పోతుంది. ఈ పనిలో చేయి ఉన్న రసాయనాల్లో అసిటైల్‌కోలిన్ ఒకటి. శ్రద్ధ పెట్టడానికీ, నేర్చుకోవడానికీ, కణాల మధ్య కబురు చేరవేయడానికీ మెదడు దాన్ని తనే తయారుచేసుకుంటుంది, ఎంత కావాలో అంతే, ఎప్పుడు కావాలో అప్పుడే. ఆ రసాయనాన్ని అందుకోవడానికి కణాల మీద ఉన్న గ్రాహకాల్లో (రిసెప్టర్లలో) నికోటిన్ అణువు అచ్చంగా కుదురుకుంటుంది. లాగిన పఫ్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరి, ఆ గ్రాహకాలన్నిటినీ ఒక్కసారిగా ఊపుతుంది. హాయిని కలిగించే డోపమైన్ అనే రసాయనం పొంగుతుంది. ఇది రోజూ జరుగుతుంటే మెదడు సర్దుకోవడానికి ఆ గ్రాహకాల సంఖ్య పెంచుకుంటుంది. అప్పట్నుంచి నికోటిన్ అందకపోతే అవన్నీ ఖాళీగా ఉండి గోల పెడతాయి.

పెద్దవాళ్లలోనూ ఇదే జరుగుతుంది కదా అంటారేమో. జరుగుతుంది. తేడా ఏమిటో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. కౌమార దశలో ఉన్న ఎలుకలకు కొన్ని రోజులు నికోటిన్ ఇచ్చి ఆపేశారు. అవి పెద్దయ్యాక, ఒంట్లో నికోటిన్ ఆనవాలు కూడా లేని రోజుల్లో పరీక్షిస్తే, వాటికి శ్రద్ధ నిలవడం లేదు, తొందరపాటు పెరిగింది. ఎదిగిన తర్వాత నికోటిన్ ఇచ్చిన ఎలుకల్లో ఈ లోటు మిగల్లేదు. ఎలుకలు మనుషులు కావు, నిజమే. కానీ పిల్లలకు నికోటిన్ ఇచ్చి పదేళ్లు ఆగి చూసే ప్రయోగం ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. జంతువుల్లో కనిపించినదాన్నీ, పొగతాగే పిల్లల్లో గమనించినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసే, 2016లో అమెరికా సర్జన్ జనరల్ (ఆ ప్రభుత్వ ప్రధాన ఆరోగ్య సలహాదారు) నివేదిక నికోటిన్ ఎదిగే మెదడుకు హాని చేస్తుందని తేల్చింది.

ఇంకో ప్రయోగం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత ఎరిక్ కాండెల్, డెనిస్ కాండెల్ బృందం చిట్టెలుకలకు ముందు నికోటిన్, తర్వాత కొకైన్ ఇచ్చింది. నికోటిన్ రుచి చూసిన మెదడు కొకైన్‌కి మామూలుకన్నా చాలా గట్టిగా స్పందించింది. వరస తిప్పి, ముందు కొకైన్, తర్వాత నికోటిన్ ఇస్తే అలా కాలేదు. అంటే నికోటిన్ మెదడును తర్వాత వచ్చే మత్తుకు సిద్ధం చేసి పెడుతోందన్నమాట. వేప్ లాగిన ప్రతి పిల్లవాడూ డ్రగ్స్‌లోకి దిగుతాడని నేను అనడం లేదు. ఆ బెదిరింపులు పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా. కెఫీన్‌తో కలిపి ఒకే గాటన కట్టే సరుకు ఇది కాదు, అంతే నేననేది.

మోతాదు సంగతి కూడా చూడాలి. సిగరెట్‌కి తనదైన అడ్డుకట్టలున్నాయి. మొదటిసారి లాగినవాడికి గొంతు మండి, కళ్లలో నీళ్లు తిరిగి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఆ ఒక్క దగ్గుతోనే ఎంతోమంది వెనక్కి తగ్గారు. పైగా ఒక సిగరెట్ పదీ పన్నెండు దమ్ములకు అయిపోతుంది, వాసన ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుంది. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ లాంటి వేప్ పరికరాల్లో నికోటిన్‌కి బెంజాయిక్ ఆమ్లం కలిపారు. దాంతో ఘాటు తగ్గింది, గొంతు మండదు, మోతాదు మాత్రం ఎంతైనా పెంచొచ్చు. చిటికెన వేలంత కూడా లేని ఒక పాడ్‌లో (ద్రవం నింపి పరికరానికి తగిలించే గొట్టంలో) 0.7 మిల్లీలీటర్ల ద్రవం, అందులో సుమారు 40 మిల్లీగ్రాముల నికోటిన్. ఒక పాడ్ దాదాపు ఒక పెట్టె సిగరెట్లకు సమానమని కంపెనీయే చెప్పుకుంది. దుప్పటి కింద, బాత్‌రూమ్‌లో, క్లాసుకీ క్లాసుకీ మధ్య ఒక్కో పఫ్ లాగే పిల్లవాడికి తాను ఎన్ని సిగరెట్లకు సరిపడా లాగాడో లెక్క తెలియదు. అమెరికా హైస్కూల్ పిల్లల్లో ఈ-సిగరెట్ వాడేవాళ్లు 2017లో 11.7 శాతం ఉంటే 2019కి 27.5 శాతమయ్యారు. ఆ తర్వాత కట్టడి పెరిగి 2024కి 7.8కి దిగింది. పిల్లలు ఎలాగూ ఆగరు అనేవాళ్లు ఆ చివరి అంకె చూడాలి.

"టెన్షన్ తగ్గుతుంది." పిల్లలు మనస్ఫూర్తిగా నమ్మే మాట ఇది. అబద్ధం చెబుతున్నావని వాళ్లమీద విరుచుకుపడితే లాభం లేదు. లాగిన వెంటనే హాయిగా ఉన్నమాట నిజం. ఆ హాయి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అలవాటుపడ్డ పిల్ల పొద్దున్నే పఫ్ లాగి క్లాసులో కూర్చుంది. రెండో పీరియడ్‌కి ఊరికే చిరాకు. మూడో పీరియడ్‌లో పాఠం చెవిన పడుతుంది, బుర్రకెక్కదు. కాలు ఆగకుండా ఆడుతుంటుంది, చూపు గడియారం మీదే. బెల్ కొట్టగానే బాత్‌రూమ్‌కి పరుగు. ఒక్క పఫ్, ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. చదువు టెన్షన్ తగ్గిందనుకుంటుంది. తగ్గింది చదువు టెన్షన్ కాదు, నికోటిన్ తెచ్చిన టెన్షన్. పరీక్ష ఎక్కడిదక్కడే ఉంది. రోజుకు పదిసార్లు ఈ చక్రం తిరిగితే, ఆ పిల్ల దృష్టిలో తనని కాపాడుతున్నది వేపే. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతోందని ఎవరైనా ఓపిగ్గా విడమరచి చెబితే తప్ప తెలియదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 26 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షను అచ్చువేసింది. సిగరెట్ మానేసినవాళ్లలో ఆందోళన, డిప్రెషన్, ఒత్తిడి, మానని వాళ్లతో పోలిస్తే తగ్గాయి. నికోటిన్ నిజంగా టెన్షన్‌కి మందే అయితే, మానేశాక పెరగాలి కదా!

ఏకాగ్రత సంగతీ ఇంతే. పఫ్ తర్వాత కాసేపు బుర్ర చురుగ్గా ఉంటుంది. అలవాటైనవాళ్లకు అది చాలామటుకు పోయినది తిరిగి రావడమే.

"వేప్ ఉంటే సిగరెట్ జోలికి పోరు" అన్నదానికి లెక్కలు ఎదురు చెబుతున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో అప్పటికి సిగరెట్ ముట్టని సుమారు 2,500 మంది తొమ్మిదో తరగతి పిల్లలను ఏడాదిపాటు గమనించి 2015లో ఫలితాలు వెల్లడించారు. వేప్ రుచి చూసినవాళ్లే పొగాకు కాల్చడం ఎక్కువగా మొదలుపెట్టారు. 2017లో ఇలాంటి 9 అధ్యయనాలను కలిపి చూస్తే, తర్వాత సిగరెట్ మొదలుపెట్టే అవకాశం వేప్ వాడినవాళ్లలో మూడున్నర రెట్లు ఉంది. ఏ సాహసానికైనా ముందుండే పిల్లలే రెండూ ప్రయత్నిస్తారని కొందరంటారు, అందులో కొంత నిజం ఉండొచ్చు. వేప్‌లు పెరిగిన ఏళ్లలోనూ అమెరికా టీనేజర్లలో సిగరెట్లు తగ్గుతూనే వచ్చిన మాటా నిజమే. కానీ వేప్ పిల్లవాణ్ణి సిగరెట్ నుంచి కాపాడే కవచమని చెప్పడానికి వీటిలో ఏదీ సరిపోదు.

ఈ మెసేజ్‌కి పోటీగా ఇంకోటి తిరుగుతోంది: వేప్ లాగితే వారంలో ఊపిరితిత్తులు పోతాయని. 2019లో అమెరికాలో 2,800 మందికి పైగా ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రి పాలై, 68 మంది చనిపోయిన ఘటనను అది చూపిస్తుంది. అందులో ప్రధాన కారణం గంజాయి ద్రవంలో కల్తీ చేసిన విటమిన్ ఇ అసిటేట్ అని తర్వాత తేలింది. దయచేసి ఆ మెసేజ్‌ని పిల్లలకు పంపకండి. వాళ్లు రెండు నిమిషాల్లో వెతికి తెలుసుకుంటారు, ఆ తర్వాత మనం చెప్పే నిజాన్ని కూడా నమ్మరు.

మిగిలింది "వయసు ముచ్చట." అమెరికాలో రోజూ సిగరెట్ తాగే పెద్దవాళ్లలో పదిలో తొమ్మిదిమంది దాదాపుగా పద్దెనిమిదేళ్లలోపు మొదటిది ముట్టించినవాళ్లే. ఈ సంగతి పొగాకు కంపెనీలకు మనకన్నా ముందే తెలుసు. నేటి టీనేజర్ రేపటి నికరమైన గిరాకీ కాగలడని ఫిలిప్ మోరిస్ కంపెనీ అంతర్గత నివేదిక 1981లోనే రాసుకుంది. బానిస కావడానికి ఏళ్లు పడుతుందన్నదీ తప్పు. మసాచుసెట్స్‌లో పన్నెండు పదమూడేళ్ల పిల్లలను గమనించిన పరిశోధకులకు, అప్పుడప్పుడూ సిగరెట్ తాగేవాళ్లలోనే, కొందరిలో కొద్ది వారాలకే, మానలేని లక్షణాలు కనిపించాయి.

వాళ్లంతట వాళ్లు మానేసే పిల్లలు ఉన్నారు. కానీ తోడు దొరికితే ఇంకా ఎక్కువమంది మానగలుగుతున్నారు. 2024లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, మానే దారి చెబుతూ ఫోన్‌కి రోజూ ప్రోత్సాహక మెసేజ్‌లు అందుకున్న 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ఏడు నెలలకు 37.8 శాతం వేప్‌కు దూరంగా ఉన్నారు, అందుకోనివాళ్లలో 28 శాతం. 2025లో 16 నుంచి 25 ఏళ్లవాళ్ల మీద నికోటిన్ అలవాటు మాన్పడానికి వాడే వరెనిక్లిన్ మాత్రను పరీక్షిస్తే, కౌన్సెలింగ్‌తో పాటు అది వాడినవాళ్లలో 51 శాతం చికిత్స చివరి వారాల్లో వేప్ ముట్టలేదు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 14 శాతమే. ఆ మాత్ర ఎవరికి ఇవ్వొచ్చో డాక్టరే చెప్పాలి.

మీ ఇంట్లో ఈ సంగతి బయటపడితే, అరవకముందు ఒక ప్రశ్న అడగండి: పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటి పఫ్ లాగాలనిపిస్తోంది? అరగంటలోపే అంటే నికోటిన్ పట్టు గట్టిగా బిగిసిందని అర్థం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మానిన మొదటి మూడు రోజులూ చిరాకు, నిద్రలేమి, కోపం బాగా ఎక్కువగా ఉంటాయి, తర్వాత రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. కాబట్టి మానే రోజును పరీక్షల ముందు పెట్టుకోకండి, ఆ మూడు రోజులు పిల్లవాడు ఎదురు తిరిగి మాట్లాడితే గొడవకు దిగకండి, మధ్యలో మళ్లీ ఒకసారి లాగినా మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టించండి.