సున్నా దాటని సూది

ప్రెషర్ గేజీ అంటే పట్నం మోజు అనుకునేవాళ్ళు ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి చరిత్ర తెలుసుకోవాలి. నౌపడ నుంచి మా ఊరికి రెండడుగుల ఆరంగుళాల పట్టాల మీద రాజావారి చిన్న రైలు 1900లోనే నడిచింది. ఆవిరి ఇంజను డ్రైవరు కళ్ళెదుట బాయిలర్ ఒత్తిడి చూపించే గుండ్రటి డయలు ఉండేది. దాని లోపల 1849లో బూర్దో అనే ఫ్రెంచాయన కనిపెట్టిన వంపు గొట్టం. ఇవాళ కార్లకు బిగించే మెకానికల్ బూస్ట్ గేజీలోనూ అదే గొట్టం. కాబట్టి మా బావగారు తన పాత బెంజికి రెండు గేజీలు పెట్టించడం మోజు కాదు, వారసత్వ పరిరక్షణ.

ఆ బండి వెనక కంప్రెసర్ అని రాసి ఉంటుంది. సూపర్‌చార్జర్ బండి అన్నమాట. టర్బో అయితే సైలెన్సర్ వైపు పోయే పొగ బలంతో తిరుగుతుంది. ఇది ఇంజను నుంచి బెల్టుతో తిరుగుతూ సిలిండర్లలోకి గాలి కుక్కుతుంది. ఎంత కుక్కిందో బూస్ట్ గేజీ చెబుతుంది. ఆ గాలికి తగ్గ పెట్రోలు అందుతోందో లేదో చెప్పాల్సింది ఫ్యూయల్ ప్రెషర్ గేజీ.

బిగించడానికి బరంపురం నుంచి మిస్త్రీ వచ్చాడు. బూస్ట్ గేజీ పని సులువుగానే అయింది. థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాటాక, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్ దగ్గర ఒక టీ జాయింటు, అక్కడి నుంచి సన్నటి రబ్బరు గొట్టం, అంతే. రెండోదాని దగ్గరే మిస్త్రీ ప్రతిభ బయటపడింది. "పెట్రోలు పైపునే తిన్నగా లోపలికి లాగి గేజీకి తగిలించేద్దాం ఆజ్ఞా, సెన్సారు ఖర్చు మిగులుద్ది" అన్నాడు. ఆజ్ఞా అంటే ఒడియాలో అయ్యా అని. పొదుపు మీద అంత నమ్మకమున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. మూడు బార్ల ఒత్తిడితో పెట్రోలు డ్రైవరు మోకాలి మీదుగా ప్రయాణిస్తుంది, ఎక్కడైనా కారితే గేజీ చూడకుండానే వాసనతో తెలిసిపోతుంది. ఇంజనీరింగు చదివే మేనల్లుడు అడ్డుపడి ఈ మహత్తర ప్రయోగాన్ని ఆపేశాడు. సెన్సారు ఇంజను దగ్గరే ఉండాలి, లోపలికి వైరు మాత్రమే రావాలి అన్నాడు. సెన్సారు బరువంతా ఇత్తడి జాయింటు మీద వేలాడితే అదురుకి విరుగుతుందని, చిన్న అల్లిక గొట్టం వేసి బాడీకి బోల్టు కొట్టించాడు. ఈ కాలం పిల్లలకి సాహసం తక్కువ.

గేజీలు వెలిగాయి. బావగారు ఊరంతా తిరిగొచ్చి దిగులుగా కూర్చున్నారు. "ఏట్రా ఇది? బూస్ట్ గేజీ అడిగితే వాక్యూమ్ గేజీ అంటగట్టాడు. సూది సున్నా దాటదేం?"

గేజీ తప్పేమీ లేదు. థ్రాటిల్ కాస్త మాత్రమే తెరుచుకున్నంతసేపూ మానిఫోల్డులో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువే. సూది సున్నా దాటాలంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. మా ఊళ్ళో ఎక్కడ తొక్కుతారు? ఆంధ్రాలో కంటే ఒడిశాలో పెట్రోలు చవక. అందుకని సరిహద్దు అవతలి పాతపట్నం బళ్ళు మా బంకుల దగ్గరే బారులు తీరతాయి. మిగిలిన రోడ్డు ఆవులది, ఆటోలది. కాబట్టి రెండు రాష్ట్రాలూ ఒక ఒప్పందానికి వచ్చి రోజుకో గంట ఈ రోడ్డును సూదుల కోసం ఖాళీ చేయించాలని నా మనవి. నదీజలాల కంటే తొందరగానే తేలుతుంది.

ఇంతలో రెండో గేజీని అందరూ మరిచిపోయారు. అది నలభై మూడు పీఎస్ఐ దగ్గర, అంటే ఆ మూడు బార్ల దగ్గరే, కదలకుండా నిలబడింది. బండెక్కిన ప్రతి చుట్టమూ "ఇది పాడైందా?" అని అడిగేవాడే. నిజానికి ఒక్క గేజీకే డబ్బులుంటే కొనాల్సింది అదే. పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ గొట్టం తగిలించిన బండిలో బూస్టు ఎంత పెరిగితే పెట్రోలు ఒత్తిడీ అంత పెరగాలి. గాలి పెరిగి ఇది పడిపోయిందంటే మంట పలచబడుతుంది, ఇంజను టకటకమంటుంది, ఆ తర్వాత పిస్టన్‌కి చిల్లు. కానీ జనం చూపు గంతులేసే సూది మీదే. ఎన్నికల్లో కూడా మనది ఇదే పద్ధతి, ఆ ఊసు ఇక్కడొద్దులెండి.

చివరికి బావగారు మహేంద్రగిరి వైపు కొండెక్కారు. ఎక్కుడులో సూది సున్నా దాటి ఏడు పీఎస్ఐకి చేరింది. అది చూడమని ఆయన అరిస్తే, అక్క కళ్ళు మూసుకుని స్తోత్రం చదువుతోంది. ఫ్యూయల్ గేజీ నిలకడగా ఉందో పడిపోయిందో ఇద్దరూ చూడలేదు. పైన ఆగేసరికి కొత్త టెన్షన్. ఇంటి దగ్గర ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు బూస్ట్ గేజీ ఇరవై అంగుళాల (పాదరసం లెక్కన) వాక్యూమ్ చూపించేది, ఇప్పుడు పదహారే. ఎక్కడో లీకుందని అక్కడి నుంచే మిస్త్రీకి ఫోను. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు ఒక అంగుళం తగ్గుతుందని, గాలి పలచబడటం లీకు కాదని మేనల్లుడు చెప్పాడు. చిన్నపిల్లాడి మాట ఎవరు వింటారు? మిస్త్రీ మాత్రం "లీకే ఆజ్ఞా" అని, వస్తూ వస్తూ ఆయిల్ ప్రెషర్ గేజీ కూడా తెస్తానన్నాడు.

దానికి చోటు డాష్‌బోర్డు మధ్యలోనే ఉంది. అక్కడ జగన్నాథస్వామి ఉన్నాడు. ఆయన్ని వెనక సీటుకి జరుపుదామని బావగారు అంటే అక్క ఒప్పుకోలేదు. "ఆ రెండు గేజీలూ అక్కడే ఉంటాయి. మీరు చూడకపోయినా అవి మిమ్మల్ని చూస్తాయి" అంది స్వామి కళ్ళు చూపిస్తూ. మూడో గేజీని ప్రస్తుతానికి గ్లవ్‌బాక్సులో పెడదామంటున్నాడు మిస్త్రీ.