పొడవే గొప్పతనమా?
బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పాట 'కంఫర్టబ్లీ నంబ్' చివర్లో డేవిడ్ గిల్మోర్ ఒక్కడే వాయించే గిటార్ భాగం (సోలో) ఏ ప్రదర్శనలో గొప్పగా ఉందో పోల్చిన ఒక వ్యాసం చదివాను. 1994 లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనే శిఖరమని వ్యాసకర్త తేల్చేశారు. నాకు అలా అనిపించదు. అక్కడ సగం మార్కులు ఆ పెద్ద అద్దాల బంతికీ దీపాలకూ పడుతున్నాయి. తెర వైపు చూడకుండా వినండి: ఎర్ర స్ట్రాటోకాస్టర్ (ఒక రకం ఎలక్ట్రిక్ గిటార్) నాదం అద్భుతమే, కానీ సోలో తారస్థాయికి చేరాక దిగిరావడం మరిచిపోయి అక్కడక్కడే తిరుగుతుంది. 2006లో పోలండ్‌లోని గ్డాన్స్క్ ఓడల కర్మాగారంలో ఇదే డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్‌తో వాయించినది నాకు ఎక్కువ ఇష్టం. తీగను లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్లి, అది పూర్తిగా మోగే వరకూ ఆగుతాడు, తొందర కనిపించదు. పక్కన పింక్ ఫ్లాయిడ్ సహచరుడు రిచర్డ్ రైట్ కీబోర్డు ఉండటం కూడా ఒక కారణం కావచ్చు, ఆ పాత తోడు ఎక్కువ కాలం నిలవలేదు, 2008లో ఆయన పోయారు. ఇక వ్యాసంలోని 'అసలు రికార్డుకు దగ్గరగా ఉండటం' అనే కొలమానం నాకు అర్థం కాలేదు. 1979 స్టూడియో సోలోయే పలుమార్లు వాయించిన వాటిలోంచి మంచి ముక్కలు ఏరి అతికించినది కదా! 2005 లైవ్ 8 కచేరీలో బృందం పాత సభ్యుడు రోజర్ వాటర్స్‌తో కలిసి వాయించినది వీటికన్నా చిన్నది. అయినా దాన్ని వ్యాసంలో ఒక్క వాక్యంతో దాటేయడం అన్యాయం.