నది నీలంగానే ఉండాలా?

నిన్న బెంగళూరులోని మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పర్యావరణ దినోత్సవం పేరిట పిల్లలకు చిత్రలేఖనం పోటీ పెట్టారు. అంశం వాతావరణ మార్పు. మా పాప కూడా కూర్చుని రెండు గంటల పాటు తల ఎత్తకుండా బొమ్మ వేసింది, బహుమతి రాలేదు. బహుమతి రాని బాధతో ఈ పోస్టు రాస్తున్నానని దయచేసి అనుకోకండి. పోటీ అన్నాక గెలుపూ ఓటమీ రెండూ ఉంటాయి. కానీ న్యాయనిర్ణేతగా పిలిపించిన పెద్దమనిషి పిల్లలందరి ముందూ మా పాప బొమ్మను పైకెత్తి, "చక్కగా వేశావు తల్లీ, కానీ ఇచ్చిన అంశం ఇది కాదు. ఇందులో భూగోళం ఏది? కరిగే మంచు ఏది? నువ్వు వేసింది నీళ్ల ట్యాంకరు" అని చెప్పినప్పటి నుంచి నా మనసు ఉడికిపోతోంది. అలాంటి మాట పదకొండేళ్ల పిల్ల తలలో ఎంతకాలం నిలిచిపోతుందో నాకు తెలుసు. ఎలా తెలుసో తరువాత చెబుతాను.

ముందు ఆ బొమ్మ గురించి చెప్పనివ్వండి. అది మా గేటు ముందు ఆగే ట్యాంకరే. వెనక వేలాడే నల్లటి రబ్బరు పైపును రెండు చుట్లు చుట్టి కొక్కేనికి తగిలించినట్టు వేసింది. పైపు బిగించే చోట ఒక గుడ్డపీలిక కట్టి ఉంటుంది, ఎంత గట్టిగా కట్టినా అక్కడ నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆ కారే చుక్కల కింద ఒక స్టీలు చెంబు పెట్టింది. ఆ చెంబు ఎదురుగా రేకుల షెడ్లలో ఉండే ఒక కూలి తల్లిది. మా సంపులోకి పన్నెండు వేల లీటర్లు దిగుతున్నంత సేపూ ఆవిడ గొంతుక్కూర్చుని, చెంబు నిండగానే బిందెలో పోసుకుని, మళ్లీ చెంబు పెడుతుంది. బొమ్మలో నేల, గోడ, చెట్లు, ఆకాశం అన్నీ మట్టిరంగులోనే ఉన్నాయి. నీలం రంగు ఒక్క చోటే ఉంది, ట్యాంకరు పక్కభాగాన, కన్నడ అక్షరాలలో "కుడియువ నీరు", అంటే తాగునీరు, అని రాసి ఉండే పలకకు. పదకొండేళ్ల పిల్ల ఆ రంగును అంతవరకే దాచి వాడిందంటే తాను చెప్పదలచుకున్నదేమిటో దానికి స్పష్టంగా తెలుసు. అంశం తెలియనిది ఎవరికి?

బహుమతులు వచ్చిన బొమ్మలు ఇవి. మొదటిది, కరుగుతున్న మంచుపలక మీద నిలబడి కన్నీరు కారుస్తున్న తెల్ల ఎలుగుబంటి. రెండవది, నోట్లో థర్మామీటరు పెట్టుకున్న భూగోళం. మూడవది, సగం పచ్చగా సగం ఎండిపోయి ఉన్న చెట్టు. ఆ పిల్లలను నేను ఒక్క మాట కూడా అనను. వాళ్లు మా పాప స్నేహితులే, ముచ్చటగానే వేశారు. కానీ ఆ ముగ్గురిలో ఒక్కరూ మంచుపలకను చూడలేదు, తెల్ల ఎలుగుబంటిని చూడలేదు. పాఠ్యపుస్తకపు అట్ట మీద ఉన్నది, గూగుల్‌లో మొదట కనిపించేది వేశారు. నా కోపమంతా, చూడనిది వేసిన పిల్లకు ఇది అంశం, చూసింది వేసిన పిల్లకు ఇది అంశం కాదు అని తీర్పు చెప్పిన పెద్దల మీదే.

ఎలుగుబంటి కష్టం అబద్ధమని నేను అనడం లేదు. సముద్రపు మంచు మీద నిలబడి సీల్‌లను వేటాడి బతికే జంతువుకు ఆ మంచే లేకపోతే తిండి ఉండదు. అయితే ఆ బొమ్మను ముప్పై ఏళ్లుగా చూపించి చూపించి, వాతావరణ మార్పు అంటే ఎక్కడో ఉత్తర ధ్రువంలో ఒక జంతువుకు వచ్చిన ఆపద అనే భావాన్ని మన బుర్రలలో గూడు కట్టించారు. 2017లో నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ, ఎముకల గూడులా మారి నడవలేక నడుస్తున్న ఒక ఎలుగుబంటి వీడియో విడుదల చేసి, వాతావరణ మార్పు అంటే ఇలా ఉంటుందని రాసింది. లోకమంతా కన్నీరు పెట్టుకుంది. మరుసటి ఏడాది అదే సంస్థ, ఆ ఒక్క జంతువు ఎందుకు చిక్కిపోయిందో ఖచ్చితంగా తెలియకుండానే అంత గట్టిగా చెప్పి ఉండవలసింది కాదని ఒప్పుకుంది. 2019లో బ్రిటన్‌కు చెందిన గార్డియన్ పత్రిక, వాతావరణ వార్తలకు ఎలుగుబంట్ల ఫొటోలు తగ్గించి మనుషుల జీవితాలను చూపే ఫొటోలు ఎక్కువగా వాడతామని ప్రకటించింది. ఆ బొమ్మను ప్రపంచానికి అలవాటు చేసిన వాళ్లే దానిని పక్కన పెడుతుంటే, బెంగళూరులో, ట్యాంకరు హారన్ వినిపిస్తున్న హాలులో కూర్చుని మనం దానికి మొదటి బహుమతి ఇస్తున్నాము.

"ఇది నీటి సమస్య, వాతావరణ సమస్య కాదు" అని కూడా ఆ పెద్దమనిషి సెలవిచ్చారు. ఈ మాటకు జవాబు చెప్పి తీరాలి. 2022 సెప్టెంబరులో ఇదే ప్రాంతంలో వర్షం కురిసి ఔటర్ రింగ్ రోడ్డు చెరువైపోతే, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు. మరుసటి ఏడాది వర్షాలు ముఖం చాటేశాయి, కర్ణాటకలోని 236 తాలూకాలలో 223 తాలూకాలను కరువు ప్రాంతాలుగా ప్రకటించారు. 2024 మార్చికి నగరంలో వేలాది బోర్లు ఎండిపోయాయి, తాగునీటితో కారు కడిగినా మొక్కలకు పోసినా అయిదు వేల రూపాయల జరిమానా అన్నారు. పడవలు తిరిగిన వీధిలోనే ఏడాదిన్నర తిరగకుండా బిందెల వరుస చూశాము. వానలు ఇలా ఒకసారి విరుచుకుపడి ఒకసారి ఎగ్గొట్టడాన్ని భూమి వేడెక్కడం మరింత పెంచుతోందని శాస్త్రవేత్తలు చెప్పి చెప్పి అలసిపోయారు. ఆ దెబ్బను కాచుకోవలసిన చెరువులను మనమే పూడ్చుకున్నాము. ధర్మాంబుధి చెరువు మీద మెజెస్టిక్ బస్టాండు వెలిసింది, సంపంగి చెరువు మీద కంఠీరవ స్టేడియం వెలిసింది. సుమారు 100 కిలోమీటర్ల అవతలి నుంచి కావేరి నీటిని కొండెక్కించి తెచ్చుకుని బతుకుతున్న ఊరు ఇది. ఇలాంటి ఊరికి వాతావరణ మార్పు మంచుగడ్డ రూపంలో రాదు, గుడ్డపీలిక కట్టిన రబ్బరు పైపు రూపంలోనే వస్తుంది. అది పిల్లకు అర్థమయింది.

దూరాన ఉన్నదాన్ని బొమ్మలో పెట్టకూడదని నా వాదన కాదు. దూరాన్ని దగ్గరకు తేవడం కళాకారుడి పని. ఒలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు, మినిక్ రోసింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్తతో కలిసి, గ్రీన్‌లాండ్ హిమానీనదాల నుంచి విరిగి సముద్రంలో పడిన పన్నెండు మంచు దిమ్మెలను 2015 డిసెంబరులో పారిస్ నడిబొడ్డున, గడియారంలో అంకెల మాదిరిగా గుండ్రంగా పేర్చాడు. అప్పుడు ఆ నగరంలో ప్రపంచ దేశాలన్నీ వాతావరణ ఒప్పందం కోసం కూర్చుని ఉన్నాయి. దారిన పోయేవాళ్లు ఆ మంచును ముట్టుకున్నారు, కౌగిలించుకున్నారు, చెవి ఆనించి లోపల వేల ఏళ్ల కిందట చిక్కుకున్న గాలి బుడగలు చిట్లే చప్పుడు విన్నారు. చూస్తుండగానే అది కరిగి రోడ్డు మీద తడిగా మిగిలింది. మంచు బొమ్మ చూడడానికీ, అరచేతి కింద మంచు కరగడం తెలియడానికీ ఉన్న తేడా అదే.

అంత దూరం ఎందుకు, మన బెంగళూరులోనే బాదల్ నంజుండస్వామి అనే వీధి చిత్రకారుడు ఉన్నారు. 2015లో సుల్తాన్‌పాళ్యలో నడిరోడ్డున నీళ్లు నిండిన పెద్ద గుంటలో మొసలి బొమ్మ తెచ్చి పెట్టారు. అంతవరకూ ఎవరూ పట్టించుకోని ఆ గుంట కొద్ది రోజులలోనే పూడింది. అది రోడ్డు గురించిన బొమ్మ, వాతావరణం గురించినది కాదు, ఒప్పుకుంటాను. కానీ బొమ్మ ఉన్న చోటే గుంట ఉంది, గుంట ఉన్న చోటే బొమ్మ ఉంది, తప్పించుకోవడానికి ఎవరికీ దారి లేకపోయింది. మా ఇంటికి దగ్గరలోని చెరువు ప్రహరీ మీద కూడా బొమ్మలు ఉన్నాయి. తామరపూలు, లకుముకి పిట్టలు, కొంగలు, అన్నీ నీలాకాశం కింద. గోడకు అవతల మురుగు నురగ. ముక్కు మూసుకుని ఆ తామరపూల పక్కనుంచి రోజూ నడుస్తున్నప్పుడు నాకు కలిగే బాధ చెప్పలేనిది, ఎందుకంటే ఆ గోడ మీద డబ్బు ఖర్చయింది, మంచి చేయి తిరిగిన పెయింటర్ల శ్రమ ఖర్చయింది, చెరువును దాచిపెట్టడానికి అదంతా ఉపయోగపడింది.

ఇప్పుడు నా సంగతి. మాది శ్రీకాళహస్తి. మా పెద్దమ్మ కలంకారీ పని చేసేది. కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డ నానబెట్టి ఎండేయడం, బెల్లమూ తుప్పు పట్టిన ఇనుమూ ఊరబెట్టిన నల్లటి కసింలో వెదురు కలం ముంచి గీత గీయడం, పటిక రాయడం, ఎర్రరంగుకు ఉడకబెట్టడం నేను ఆవిడ పక్కన కూర్చుని చూస్తూ పెరిగాను. ఒక్కొక్క పని తరువాత గుడ్డను ఏట్లో జాడించాలి. నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన రంగు మళ్లీ గుడ్డకే పట్టి తెల్లగా ఉండవలసిన చోటంతా మరకవుతుంది, పారే నీరు అయితేనే అదనపు రంగును తీసుకుపోతుంది. అందుకే ఆ పని స్వర్ణముఖి ఒడ్డున పుట్టింది. నా చిన్నతనానికే ఏట్లో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే ఉండేది. పెద్దమ్మ ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని చెంబుతో తోడి, గుడ్డ మీద ధారగా పోసేది. పారే నీరు లేకపోతే చేత్తోనే పారించేది. ఏరు ఎండడానికి ఇసుక తవ్వకాలు సహా కారణాలు అనేకం ఉన్నాయి, అవన్నీ నాకు పెద్దయ్యాక తెలిశాయి. కళ్లారా చూసింది మాత్రం అప్పుడే.

ఆరో తరగతిలో డ్రాయింగ్ పరీక్షకు 'మా ఊరి నది' అని ఇచ్చారు. నేను ఇసుకరంగు ఏరు వేసి, మధ్యలో చెలమ వేసి, వంగి చెంబుతో నీళ్లు పోస్తున్న పెద్దమ్మను వేశాను. డ్రాయింగ్ మాస్టారు ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, "నది నీలంగా ఉండాలి" అని రాశారు. తరువాత బోర్డు మీద నది ఎలా వేయాలో చూపించారు. రెండు కొండలు, మధ్యలో ఉదయించే సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, వంకరలు తిరిగిన నీలి నది. మీలో ఎంతమంది ఆ బొమ్మ వేయలేదు చెప్పండి. మూడు తరాలుగా ఆంధ్రలో ప్రతి బిడ్డా అదే వేసింది, ఏరు ఎండిన ఊళ్లలోనూ అదే వేసింది. నేను కూడా ఆ తరువాత ప్రతి పరీక్షలోనూ నీలి నదే వేసి మార్కులు తెచ్చుకున్నాను. మళ్లీ పెద్దమ్మ బొమ్మ వేయలేదు. ఇప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. నిన్న ఆ క్లబ్‌హౌస్‌లో మా పాప ముఖం చూసినప్పుడు నాకు కనిపించింది ఆ ఎర్ర సిరా గీతే.

రాత్రి పెద్దమ్మకు వీడియో కాల్ చేసి జరిగిందంతా చెప్పాను. మాటల మధ్యలో ఒక బొమ్మ చూపించాను. రీడింగ్ విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో తయారుచేసిన చారల బొమ్మ అది, ఒక్కొక్క ఏడాదికి ఒక్కొక్క నిలువు చార, చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు, అంకె గానీ అక్షరం గానీ ఏమీ ఉండదు. అది ఏమిటో నేను చెప్పకముందే పెద్దమ్మ కళ్లు చికిలించి, "ఇదేందే, ఈ పక్క బాగుండాది గానీ ఆ కొసకు పోయేకొద్దీ ఎక్కువ కాగిపోయినట్టుందే" అన్నది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, బడి మొఖం చూడని మనిషి. రంగుల పొయ్యి ముందు జీవితం గడిపిన ఆవిడకు ఆ బొమ్మ ఒక్క చూపులో అందింది. నేను వివరం చెప్పాక కొంతసేపు మాట్లాడలేదు, తరువాత పాపను పిలిచి ట్యాంకరు బొమ్మ చూపించమని అడిగి, చెంబు దగ్గర వేలు పెట్టి "ఇది నాదే" అన్నది.

మా కమిటీ వారికి, మీ మీ అపార్ట్‌మెంట్లలో, బళ్లలో ఇలాంటి పోటీలు పెట్టేవారికి చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే ఏడాది ప్రకటనలో 'వాతావరణ మార్పు' అని రాసి వదిలేయకండి. 'ఈ ఏడాది మీరు మీ వీధిలో చూసింది వేయండి' అని రాయండి. వేడికి రాత్రంతా నిద్రపోని వాచ్‌మన్‌ను వేస్తారు, నీళ్లు నిండిన బేస్‌మెంట్‌ను వేస్తారు, ఎండిన బోరు మోటారును వేస్తారు. ఎలుగుబంటిని నిజంగా చూసిన బిడ్డ ఎవరైనా ఉంటే ఎలుగుబంటినీ వేస్తుంది. బొమ్మలను చూడడానికి బయటి నుంచి పెద్దలను పిలిస్తే పిలవండి, కానీ ఆ బొమ్మలో ఉన్న వీధిలో ఒక్క గంట నడిచి వచ్చాకనే వాళ్లను తీర్పు చెప్పమనండి.

ఈ ఉదయం పాప బొమ్మను నేను సంపు పక్కన గోడకు అంటించాను. ఏడింటికి ట్యాంకరు వచ్చింది. కదిరి నుంచి వచ్చి ఇక్కడ బండి నడుపుకునే డ్రైవరు పైపు దించుతూ ఆగి, దగ్గరకు వచ్చి చూసి, "గుడ్డ కట్టింది గూడా వేసినావే పాపా!" అని నోరు తెరిచాడు. తరువాత మెల్లగా, "ఆ చెంబు ఆయమ్మదే గదా?" అన్నాడు. బొమ్మ తనకు ఇమ్మని అడిగాడు. మా పాప ఇవ్వనంది, ఇంకొకటి వేసిస్తానంది, అందులో మీరు కూడా ఉంటారంది. ఆయన సాయంత్రం రెండో లోడుకు వస్తానని చెప్పి వెళ్లాడు. పెట్టెలో మట్టిరంగు అయిపోయిందట, బడి నుంచి వచ్చేలోగా కొనిపెట్టమని చెప్పి పాప బస్సెక్కింది.