అత్తగారి చార్మినార్ రూపాయి

పునర్వసు కార్తెలో రెండు రోజులు ముసురు పట్టి వెలసిన మరునాడు, మహబూబ్‌నగర్‌లోని మా ఇంటి పక్క ఖాళీ జాగాలో పళ్లెమంత వెడల్పున విచ్చుకున్న తెల్లని పుట్టగొడుగులు కనిపించగా, బజారులో వాటి ధర తలచుకొని తువ్వాలు నిండా కోసుకొచ్చాను. విషపు గొడుగులతో ఉడికిస్తే వెండి నల్లబడుతుందని చిన్నప్పటి నుంచి విన్న మాట కాబట్టి, పూజ పెట్టెలో ఉన్న మా అత్తగారి రూపాయిని, నిజాం కాలం నాటి చార్మినార్ బొమ్మ గల వెండి రూపాయిని, ఎవరినీ అడగకుండానే గిన్నెలో వేసి మరిగించాను. అది తళతళలాడుతూనే ఉంది. నేను నిశ్చింతగా ఉల్లిగడ్డలు తరగసాగాను.

అమ్రాబాద్ వైపు పుట్టి పెరిగిన మా అత్తగారు గిన్నెలోకి తొంగి కూడా చూడకుండా, "పుట్ట యాడున్నది అల్లుడూ?" అని అడిగారు. పుట్ట ఏదీ లేదన్నాను. "పుట్ట లేంది పుట్టకొక్కు ఎట్లయితది?" అన్నారు. నా డిగ్రీలో దీనికి జవాబు లేదు. ఆమె ఎరిగిన గొడుగుకు కాడ వేరులా సాగి నేల లోపలి చెదల గూటి దాకా దిగుతుంది. నేను తెచ్చినదానికి మొదట్లోనే ఉబ్బి ఆగిపోయింది, పైగా నడుమ ఉంగరం వంటి పట్టీ ఒకటి, వేలితో నెడితే పైకీ కిందికీ జరుగుతోంది.

కూర మానుకొని, మిగిలిన ఒక గొడుగు తలను తెల్ల కాగితంపై బోర్లించి, గిన్నె మూత పెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే బండిచక్రపు ఆకుల్లా ఆకుపచ్చని పొడి రాలి ఉంది. పుట్ట మీది గొడుగైతే అది లేత గులాబీ రంగులో ఉండాలి. ఆకుపచ్చ పొడి రాల్చేది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే జాతి, తిన్న కొద్ది గంటల్లోనే వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. ఆ సంగతి నేను చదివి వినిపించడం ముగియకముందే, మా ఆవిడ గిన్నెడూ తీసుకెళ్లి పెరటి చెత్తగుంటలో కుమ్మరించి మన్ను కప్పేసింది.

రూపాయి సంగతి మరునాడు శుక్రవారం పూజ వేళకు గానీ ఎవరికీ గుర్తు రాలేదు. నేను గునపం పట్టి గుంటలో దిగడం చూసి గోడ మీదుగా పక్కింటాయన, "పుట్టకొక్కులా సార్, మాక్కూడా ఉంచండి" అన్నాడు. అరగంటకు దొరికింది, మురిగిన కోడిగుడ్ల నడుమ, బొగ్గులా నల్లబడి. విషంలో మరిగినప్పుడు రంగు మారని వెండి, గుడ్డులోని గంధకానికి ఒక్క రోజులో లొంగిపోయింది.

అత్తగారు ఏమీ అనలేదు. చింతపండు నానబెట్టి తోముతుండగా మినార్లు ఒక్కొక్కటే తేలుతున్నాయి; నాలుగోది తేలాక రూపాయిని కొంగుకు ముడివేసుకున్నారు.